అతిశీతలము నుండి గణన యంత్రమునకు

వేసవికాలమున క్రొత్త కుండలో పోసిన నీరు చల్లబడుట అందరును ఎరిగిన విషయమే. కుండ గోడలలోని సన్నని రంధ్రముల గుండ నీరు బయటికి ఊరి ఆవిరియగును. ద్రవము ఆవిరిగా మారుటకు ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును అది కుండ నుండియు, లోపలి నీటి నుండియు తీసికొనును. అందువలన లోపలి నీరు చల్లబడును. ఈ చిన్న సూత్రమును పట్టుకొని శాస్త్రజ్ఞులు చాల దూరము పోయిరి. ఉష్ణోగ్రతకు కట్టకడపటి మెట్టు పరమ శూన్యము. అది సున్నకు దిగువ 273.15 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద ఉన్నది. నక్షత్రముల నడుమనున్న శూన్యాకాశము కూడ ఆ మెట్టునకు 2.7 డిగ్రీలు ఎగువననే ఉండును. కాని నేటి ప్రయోగశాలలలోని శీతల యంత్రములు అదే మెట్టునకు ఒక డిగ్రీలో నూరవ వంతు దూరము వరకు పోయి, అక్కడ నెలల తరబడి నిలువగలవు.

ఇట్టి చలిలోనే క్వాంటం గణన యంత్రములలో ముఖ్యమైన ఒక రకము పనిచేయుచున్నది. ఈ చలిని పుట్టించు యంత్రములను దేశదేశములకు అమ్ము సంస్థ ఒకటి ఫిన్లండు దేశపు రాజధానియగు హెల్సింకిలో ఉన్నది. ఆ చలిలో పనిచేయు గణన యంత్రములను నిర్మించు సంస్థ మరియొకటి దాని ప్రక్కనే ఎస్పో పట్టణములో ఉన్నది. ఆ దేశపు జనాభా సుమారు 56 లక్షలు మాత్రమే. అంత చిన్న దేశమునకు ఇంత కష్టమైన విద్య ఎట్లు అలవడినది? దీనికి సమాధానము తెలిసికొనుటకు ముందు, ఆ యంత్రము ఎట్టిదో, దానికి అంత చలి ఎందులకు కావలెనో తెలిసికొనవలెను.

క్యూబిట్ అనగా నేమి?

సాధారణ గణన యంత్రము బిట్లతో లెక్కలు కట్టును. బిట్ అనగా విద్యుద్దీపపు మీట వంటిది. అది 0 అయిన ఉండును, లేక 1 అయిన ఉండును. క్వాంటం యంత్రములో బిట్టునకు బదులు క్యూబిట్ ఉండును. దానికిని రెండు మూల స్థితులే కలవు. కాని కొలిచి చూచువరకు అది ఆ రెండింటి కలయికగా ఉండగలదు. ఆ కలయికలో 0 పాలు ఎంత, 1 పాలు ఎంత అని తెలుపుటకు రెండు సంఖ్యలు కావలెను.

రెండు క్యూబిట్లను జతపరచినచో 00, 01, 10, 11 అను నాలుగు కూర్పులు ఏర్పడును. వాటికి నాలుగు సంఖ్యలు కావలెను. మూడు క్యూబిట్లకు ఎనిమిది. ఇట్లు ఒక్కొక్క క్యూబిట్ చేరిన కొలది సంఖ్యలు రెట్టింపగుచుండును. చదరంగపు గళ్లలో గింజలను రెట్టించుచు పోయిన కథ విద్యార్థులు వినియే ఉందురు. ఇదియు అట్టిదే. 5 క్యూబిట్లకు 32 సంఖ్యలు చాలును. 20 క్యూబిట్లకు 10,48,576 కావలెను. 50 క్యూబిట్లకు సుమారు 1,126 లక్షల కోట్లు కావలెను. అన్ని సంఖ్యలను వ్రాసి ఉంచుకొనుట సాధారణ యంత్రములలో మిక్కిలి పెద్ద వాటికి కూడ కష్టమే.

ఇక్కడ ఒక పొరపాటు పడరాదు. క్వాంటం యంత్రము అన్ని జవాబులను ఒకేసారి లెక్కించి మన చేతికి ఇచ్చునని కొందరు చెప్పుదురు. అది సరికాదు. చివరకు కొలిచినపుడు దొరకునది ఒక్క కూర్పు మాత్రమే. అయినచో లాభమేమి? ఆ సంఖ్యలు నీటిపై అలల వంటివి. అల శిఖరము మీద శిఖరము పడిన అల పెరుగును. శిఖరము మీద లోయ పడిన అల అణగిపోవును. భౌతికశాస్త్రములో దీనిని వ్యతికరణము అందురు. తప్పు జవాబుల అలలు ఒండొంటిని కొట్టివేయునట్లును, సరియైన జవాబు అల పెరుగునట్లును లెక్కను కూర్చుటయే క్వాంటం గణితములోని నేర్పు. అన్ని లెక్కలకు అట్టి కూర్పు కుదరదు. పెద్ద సంఖ్యలను కారణాంకములుగా విడగొట్టుట, అణువుల ప్రవర్తనను లెక్కించుట మొదలైన కొన్నింటికి కుదురునని తెలిసినది.

అంత చలి ఎందులకు?

క్యూబిట్టును పలు విధములుగా చేయవచ్చును. వాటిలో ఒకటి అతివాహక వలయము. అల్యూమినియము 1.2 కెల్విన్‌కు దిగువన అతివాహకమగును. అనగా విద్యుత్తును ఏ నిరోధమును లేక ప్రవహింపనిచ్చును. రెండు అల్యూమినియము పొరల నడుమ మిక్కిలి పలుచని ఆక్సైడు పొర ఉంచినచో దానిని జోసెఫ్‌సన్ సంధి అందురు. 1962లో బ్రయన్ జోసెఫ్‌సన్ అను బ్రిటిష్ యువకుడు ఈ సంధి గుణములను ముందుగా లెక్కగట్టి చెప్పెను. ఈ సంధి గల వలయములో శక్తి, మెట్ల వరుస వలె, విడివిడి స్థాయిలుగా ఉండును. పైగా ఆ మెట్ల ఎత్తులు సమానముగా ఉండవు. కావున అడుగున ఉన్న రెండు మెట్లను మాత్రమే ఎన్నుకొని 0 అనియు 1 అనియు పేరు పెట్టి వాడుకొనవచ్చును. చేతితో పట్టుకొనదగిన విద్యుద్వలయములో కూడ క్వాంటం మెట్లు ఉండునని 1980 దశకము నడుమ ప్రయోగపూర్వకముగా చూపినందుకు జాన్ క్లార్క్, మిషెల్ దెవొరె, జాన్ మార్టినిస్ అను మువ్వురికి 2025లో నోబెల్ బహుమానము లభించినది.

ఆ రెండు మెట్ల నడుమనున్న ఎడము మిక్కిలి చిన్నది. సెకనుకు సుమారు 500 కోట్ల కంపనములు గల సూక్ష్మ తరంగము ఒక విడత తెచ్చునంత శక్తి చాలును. దానిని ఉష్ణోగ్రతగా మార్చి చెప్పినచో 0.24 కెల్విన్ అగును. మన గది వేడిమి 300 కెల్విన్లు. అనగా ఆ మెట్టునకు 1,250 రెట్లు. అట్టి వేడిలో వలయము తనంతట తానే మెట్లెక్కుచు దిగుచు ఉండును. అందులో వ్రాసిన లెక్క తుఫానులో నీటిపై గీసిన ముగ్గు వలె చెదరిపోవును. ఉష్ణోగ్రతను 0.01 కెల్విన్ ప్రాంతమునకు దించిననే వలయము అడుగు మెట్టున కదలక నిలిచి, చెప్పినట్లు వినును.

హీలియముతో చేసిన కుండ

అంత చలిని పుట్టించు యంత్రమునకు మూలము మొదట చెప్పిన కుండ సూత్రమే. కాని అందులో నీటికి బదులు హీలియము ఉండును. హీలియములో రెండు ఐసోటోపులు కలవు. సామాన్యముగా దొరకునది హీలియము-4. ఒక న్యూట్రాను తక్కువైన హీలియము-3 మిక్కిలి అరుదైనది. ఈ రెండు ద్రవముల మిశ్రమమును 0.87 కెల్విన్‌కు దిగువ చల్లార్చినచో, నూనె నీరు విడిపోయినట్లు, రెండు పొరలుగా విడిపోవును. పై పొరలో హీలియము-3 ఎక్కువ. క్రింది పొరలో హీలియము-4 ఎక్కువగా నుండి, అందులో కొంత హీలియము-3 కరగియుండును.

ఇప్పుడు క్రింది పొరలోని హీలియము-3 ను పంపుతో లాగివేసినచో, ఆ కొరత తీర్చుటకు పై పొరలోని హీలియము-3 పరమాణువులు హద్దు దాటి క్రిందికి దిగును. ఇది తలక్రిందుగా జరుగు ఆవిరియగుట వంటిది. హద్దు దాటునపుడు అవి ఉష్ణమును గ్రహించును. సాధారణ ద్రవములతో ఒక చిక్కు కలదు. చలి పెరిగిన కొలది ఆవిరి తగ్గిపోయి, చల్లబడుట ఆగిపోవును. ఈ మిశ్రమములో అట్లు జరుగదు. పరమ శూన్యమునకు ఎంత చేరువైనను క్రింది పొరలో నూటికి ఆరు పాళ్లకు పైగా హీలియము-3 కరగియే ఉండును. కావున దాటుట ఆగదు, చల్లబడుటయు ఆగదు. లాగిన వాయువును మరల ద్రవముగా మార్చి లోనికి పంపుచుందురు. హైన్జ్ లండన్ అను శాస్త్రజ్ఞుడు 1951లో ఈ ఉపాయమును సూచించెను. 1964లో హాలండులోని లైడెన్ నగరమున ఇట్టి యంత్రము మొదటిసారి పనిచేసినది.

ఒటానియెమిలోని ప్రయోగశాల

లైడెన్ యంత్రము పనిచేసిన మరుసటి సంవత్సరముననే, అనగా 1965లో, ఒల్లి లౌనస్మా అను ఆచార్యుడు హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయములో అతిశీతల ప్రయోగశాలను స్థాపించెను. ఆ విశ్వవిద్యాలయము ఎస్పో పట్టణములోని ఒటానియెమి అను చోట ఉన్నది. లౌనస్మా ఆక్స్‌ఫర్డులో చదివి, అమెరికాలో పనిచేసి స్వదేశమునకు తిరిగి వచ్చినవాడు. ఆనాడు క్వాంటం గణన యంత్రము అను మాటయే లేదు. పదార్థములు పరమ శూన్యము చెంత ఎట్లు ప్రవర్తించునో తెలిసికొనవలెనను కుతూహలము తప్ప ఆ ప్రయోగశాలకు వేరు ప్రయోజనము లేదు.

ఆ కుతూహలము చాల దూరము సాగినది. 1999లో అచ్చటి పరిశోధకులు రోడియము అను లోహములోని పరమాణు కేంద్రకములను పరమ శూన్యమునకు ఒక డిగ్రీలో వేయి కోట్లవ వంతు దూరము వరకు చల్లార్చిరి. అట్టి పని చేయుటకు యంత్రములను తామే నిర్మించుకొనవలసి వచ్చెను. ఏ అతుకు ఎంత చలికి కారును, ఏ తీగె ఎంత వేడిని లోనికి మోసికొని వచ్చును, కంపనములను ఎట్లు ఆపవలెను అను విషయములు పుస్తకము చదివినంత మాత్రమున రావు. అవి చేతితో నేర్చుకొనవలసినవి. లౌనస్మా 1974లో ఒక గ్రంథము వ్రాసి, ఒక కెల్విన్‌కు దిగువ ప్రయోగములు చేయు పద్ధతులను లోకమునకు అందించెను. అయినను, పుస్తకములో ఇమడని పనితనము ఆ ఊరిలోనే తరతరములుగా విద్యార్థులకు సంక్రమించుచు వచ్చెను.

ఆ పనితనము ఫలించుటకు దీర్ఘకాలము పట్టినది. 2008లో రాబ్ బ్లావ్‌గేర్స్, పీటర్ వోర్సెల్‌మన్ అనువారు బ్లూఫోర్స్ అను సంస్థను స్థాపించిరి. ఆ ప్రయోగశాల అనుభవమే దానికి మూలధనము. పూర్వపు శీతల యంత్రములకు మాటిమాటికి ద్రవ హీలియము పోయుచుండవలెను. అది ఖరీదైన వస్తువు. ప్రతి ఊర దొరకదు. బ్లూఫోర్స్ యంత్రములు విద్యుత్తుతో నడచు శీతలకములను తొలి మెట్టుగా వాడును. కావున ద్రవ హీలియము పోయు పని లేదు. మీట నొక్కినచో యంత్రము తనంతట తానే చల్లబడుట మొదలిడును. ప్రయోగశాల పెట్టిన 43 సంవత్సరములకు ఈ పరిశ్రమ పుట్టినదని గమనింపవలెను.

చలి ఒక్కటి చాలదు. క్యూబిట్లను చెక్కుటకు ధూళి లేని గదులు కావలెను. ఒక్క ధూళి కణము పడినను సంధి చెడిపోవును. అట్టి గదులను కట్టుటయు, నడుపుటయు ఒక విశ్వవిద్యాలయమునకో, ఒక చిన్న సంస్థకో తలకు మించిన వ్యయము. ఒటానియెమిలోనే వి.టి.టి. అను ప్రభుత్వ సాంకేతిక పరిశోధన కేంద్రము ఉన్నది. అది 1942లో ఏర్పడినది. వి.టి.టి.యు, విశ్వవిద్యాలయమును కలసి మైక్రోనోవా అను భవనములో 2,600 చదరపు మీటర్ల ధూళిరహిత కార్యశాలను నడుపుచున్నవి. అందులో ఆచార్యుడును, విద్యార్థియు, సంస్థ ఇంజనీరును ఒకే యంత్రము వద్ద వంతులు వేసికొని పనిచేయుదురు. 2010లో ఆ విశ్వవిద్యాలయము మరి రెండింటితో కలసి ఆల్టో విశ్వవిద్యాలయమైనది.

ప్రభుత్వమే తొలి కొనుగోలుదారు

2018లో ఆల్టో, వి.టి.టి. పరిశోధకులు కొందరు ఐ.క్యు.ఎం. అను సంస్థను స్థాపించిరి. స్థాపకులలో ఒకరైన మిక్కో మొట్టొనెన్ ఆచార్యుడుగా ఆల్టోలోను, వి.టి.టి.లోను కూడ ఉద్యోగము గలవాడు. క్రొత్తగా పుట్టిన ఇట్టి సంస్థకు గల పెద్ద కష్టమేమి? దాని సరకును కొనువారు ఉండరు. అయిదు క్యూబిట్ల యంత్రముతో ఏ వ్యాపారికిని పని లేదు. కాని అయిదు కట్టనిదే ఇరువది రావు. ఇరువది కట్టనిదే ఏబది రావు.

ఈ చిక్కును ఫిన్లండు ప్రభుత్వము విప్పినది. 2020లో క్వాంటం యంత్రమును సంపాదించుటకు వి.టి.టి.కి 2 కోట్ల 7 లక్షల యూరోలు కేటాయించినది. వి.టి.టి. బహిరంగముగా టెండర్లు పిలిచి ఐ.క్యు.ఎం.ను తోడుగా ఎన్నుకొన్నది. 2021లో 5 క్యూబిట్ల యంత్రము సిద్ధమయ్యెను. దానికి హెల్మి అని పేరు పెట్టిరి. ఆ భాషలో ముత్యము అని అర్థము. 2023లో 20 క్యూబిట్ల యంత్రమును, 2025లో 50 క్యూబిట్ల యంత్రమును పూర్తిచేసిరి. 2027 చివరికి 300 క్యూబిట్లకు చేరవలెనని సంకల్పించిరి. దానికి ప్రభుత్వము మరి 7 కోట్ల యూరోలు కేటాయించినది.

2022లో హెల్మిని లుమి అను మహా గణన యంత్రముతో జోడించిరి. లుమి ఉత్తరమున కయాని పట్టణములో పూర్వము కాగితపు మిల్లు ఉన్న స్థలమున ఉన్నది. క్వాంటం యంత్రము ఒంటరిగా పనిచేయదు. లెక్కలో సాధారణ యంత్రము చేయదగిన భాగము ఎక్కువ; క్వాంటం యంత్రమునకు అప్పగించు భాగము కొద్ది. రెండింటి నడుమ మాటిమాటికి ఇచ్చిపుచ్చుకొనుట జరుగవలెను. ఈ జోడింపు వలన ఇతర పట్టణముల పరిశోధకులకు కూడ తమ చోట నుండియే హెల్మిని వాడుకొను వీలు కలిగినది.

ఇచ్చిపుచ్చుకొనుట

పరిశోధన, పరిశ్రమ కలసి పనిచేయవలెనని చెప్పుట సులభము. ఆచరణలో వాటి అవసరములు వేరు. పరిశోధకుడు తాను కనుగొన్నదానిని వెంటనే ప్రకటింపగోరును. పరిశ్రమ దానిని పేటెంటు పొందువరకు దాచగోరును. విద్యార్థి పరిశోధనకు నాలుగైదు సంవత్సరములు పట్టును. సంస్థ వచ్చే సంవత్సరమునకే సరకును చూపవలెను. ఒటానియెమిలో ఈ భేదములు లేకపోలేదు. కాని నాలుగు ఏర్పాట్లు వాటిని సర్దుబాటు చేయుచున్నవి. ఖరీదైన కార్యశాల ఉమ్మడిగా ఉన్నది. ఒకే ఆచార్యుడు రెండు సంస్థలలోను పనిచేయు వీలున్నది. ప్రభుత్వము ధనమును దానముగా ఇచ్చి ఊరకుండక, కొనుగోలుదారుగా నిలిచి నియమిత కాలమునకు నియమిత వస్తువును అడుగుచున్నది. అన్నింటికంటె ముఖ్యముగా, విశ్వవిద్యాలయములో చేయి తిరిగిన విద్యార్థులు నడచిపోదగిన దూరములోనే ఉద్యోగములలో చేరుచున్నారు. 2021లో ఆల్టో, హెల్సింకి విశ్వవిద్యాలయములును, వి.టి.టి.యు కలసి ఇన్‌స్టిట్యూట్ క్యూ అను ఉమ్మడి సంస్థను ఏర్పరచి ఈ కూటమికి ఒక రూపము కల్పించినవి.

ఇంత చేసినను గమ్యము ఇంకను దూరముననే ఉన్నది. నేటి అతివాహక యంత్రములలో రెండు క్యూబిట్లను కలిపి చేయు క్రియలు కొన్ని వందలకో, వేయికో ఒకటి తప్పును. ఉపయోగకరమైన లెక్కలకు కోట్ల కొలది క్రియలు కావలెను. తప్పులను దిద్దుటకు ఉపాయమున్నది. పలు క్యూబిట్లను కలిపి ఒక్క నమ్మదగిన క్యూబిట్టుగా వాడుటయే ఆ ఉపాయము. కాని దానికి క్యూబిట్లు వందలు, వేలు కావలసివచ్చును. కావున 50 అనునది గమ్యము కాదు, మజిలీ మాత్రమే.

మన దేశమున

భారత ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం ప్రణాళికను ఆమోదించినది. ఎనిమిది సంవత్సరములలో 50 నుండి 1,000 వరకు క్యూబిట్లు గల యంత్రములను సాధించుట దాని లక్ష్యములలో ఒకటి. గణన యంత్రముల పరిశోధనకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థను కేంద్రముగా నిర్ణయించిరి. 2024లో బొంబాయిలోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ, పూనాలోని రక్షణ పరిశోధనాలయము, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అను మూడును కలసి 6 క్యూబిట్ల అతివాహక యంత్రమును పరీక్షించి నెగ్గినవి. సంఖ్య చిన్నదైనను, పరిశోధన, ప్రభుత్వము, పరిశ్రమ మూడును చేతులు కలిపిన పని యగుటచే అది గమనింపదగినది.

2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఐ.బి.ఎం., టాటా కన్సల్టెన్సీ, లార్సెన్ అండ్ టూబ్రో సంస్థలతో కలసి అమరావతిలో క్వాంటం వ్యాలీ పేర ఒక కేంద్రమును నెలకొల్పుటకు పూనుకొన్నది. 156 క్యూబిట్లు గల ఐ.బి.ఎం. సిస్టం టూ యంత్రమును అక్కడ ఉంచవలెనని సంకల్పము. ఆ రకపు యంత్రమును ఐ.బి.ఎం. 2021లో మొదట ప్రకటించినపుడు, దాని శీతల భాగమునకు తీసికొన్నది హెల్సింకిలోని బ్లూఫోర్స్ రూపొందించిన వేదికనే. 1965లో ఒక ఆచార్యుడు కుతూహలము కొలది ప్రారంభించిన పనికి కృష్ణాతీరముతో ఇట్లు సంబంధము ఏర్పడినది.

యంత్రమును కొని తెచ్చుటకు ధనము చాలును. దానిపై లెక్క కూర్చుటకు గణితము కావలెను. అది చెడినపుడు దిద్దుటకు చలిని, శూన్యమును, సూక్ష్మ తరంగములను ఎరిగిన చేతులు కావలెను. దాని తరువాతి యంత్రమును మనమే కట్టుటకు ఆ చేతులు ఒక తరము పాటు ఒకే చోట పనిచేసి, తరువాతి తరమునకు నేర్పవలెను. ఫిన్లండు అనుభవము చెప్పునది ఇదియే. యంత్రము అక్కడ చిట్టచివరకు వచ్చినది. దానికి ముందు ప్రయోగశాలయు, దానికంటె ముందు ఆచార్యుడును, విద్యార్థులును వచ్చిరి. మన వద్ద యంత్రము ముందు వచ్చుచున్నది. కావున మిగిలినవి దాని వెనుక వేగముగా రావలసియున్నది.

ఆ పని ఉన్నత పాఠశాలలోనే మొదలుపెట్టవచ్చును. దానికి హీలియము అక్కరలేదు. ఒకే కొలత గల రెండు కుండలను తెచ్చి, ఒకదానికి వెలుపల నూనె రాసి ఆరబెట్టి, రెండింటిలోను ఒకే కొలత నీరు పోసి నీడన ఉంచవలెను. గంటగంటకు రెండింటి ఉష్ణోగ్రతలను థర్మామీటరుతో కొలిచి పట్టిక వ్రాయవలెను. నూనె రాసిన కుండలో నీరు ఎందుకు తక్కువగా చల్లబడినదో, ముసురు పట్టిన దినమున రెండింటి నడుమ భేదము ఎందుకు తగ్గినదో విద్యార్థులచేతనే చెప్పింపవలెను. కొలిచి, వ్రాసి, కారణము వెదకు అలవాటు అచ్చట పడినచో, దానిని 0.01 కెల్విన్ వరకు కొనిపోవుటకు దారి ఉన్నది.